అమ్మ కొన్న అద్దాల బిల్డింగుకు హద్దులేవి?

ఇదొక మహాకావ్యం. ఇందుల దండయాత్ర ఉంది, కోట ఉంది, కోట ముంగట భటుడున్నడు, రక్తసంబంధీకుల నడుమ యుద్ధముంది. తరతరాలు చెప్పుకోదగ్గ వీరమాత సుత ఉంది. చదివేటోళ్లు జర గట్టిగ కూసోండ్రి.

సరే, లేదు. దండయాత్ర అంటే ఆర్మూర్ బస్టాండుల ఎక్కిన ఎక్స్‌ప్రెస్ బస్సు. భటుడంటే సెక్యూరిటీ గార్డు. యుద్ధమంటే మా ఇంటి ముంగటి రేకుల కింద, చాయ్ చల్లారేదాక జరిగిన లొల్లి. మొత్తం జరిగింది ఒక్కటే: మా అమ్మ తన పైసలు తనకు నచ్చిన కాడ పెట్టుకుంది. ఇంకెక్కడన్నా అయితే గీ ఒక్క ముక్కతోని కథ అయిపోతది. మా తాన మాత్రం గిది ఊరుమ్మడి సమస్య అయింది. నాకు ఇంకా మండుతనే ఉంది, గందుకే రాస్తున్న.

పైసలు ఎక్కడియో ముందు చెప్తె మంచిది, లేకుంటే మీరు సుత మా మేనమామ లెక్క అడుగుతరు. మాది పసుపు, మక్కజొన్న ఏసుకునే ఇల్లు. పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వుడు, కొమ్ములు విరుసుడు, ఉడుకబెట్టుడు, ఎండబోసుడు, పాలిష్ పట్టించుడు, ఇందుల సగానికంటే ఎక్కువ పని అమ్మదే. ఆమె గోర్లు ఏడాది పొడుగూత పచ్చగనే ఉంటయి. ధర లేదని రెండు పంటలు అమ్మకుండ గోదాంల ఆపినం. ధర లేసినంక అమ్మితే, అప్పులు, బోరు ఖర్చు పోను మిగిలినయి బాపు తెచ్చి అమ్మ చేతుల పెట్టిండు.

"గివి నీయి. నీ ఇష్టం," అన్నడు.

బాపు అంత పొడుగు మాట్లాడంగ నేను ముందు ఎన్నడూ ఇనలె.

అమ్మకు కావల్సింది పెద్దదేం కాదు. పసుపు పైసలు ఏడాదికొక్కసారే వస్తయి. మిగిలిన నెలలు బీపీ గోలీలకైనా, మహిళా సంఘం చీటికైనా, ఎవరింట్లనన్నా శుభకార్యానికి చీర పెట్టాలన్నా ఆమె బాపును అడగాలె. బాపు పోయి మా పసుపు అమ్మిపెట్టే అడ్తిదారును అడగాలె. అడ్తిదారు చాయ్ తాగించి, కరెంటు బిల్లు కాడి నుంచి వానలు పడని సంగతి దాక అంతా చెప్పి, అప్పుడు ఇయ్యాలె. ఒక బీపీ గోలీ మా ఇంట్లకు రావాలంటే మూడు మెట్లు ఎక్కి దిగాలె. గంతల బీపీ పెరగకుంటే ఏమైతది?

"మూడు నెలలకోసారైనా సరే బిడ్డా, నా పేరు మీద గిన్ని పైసలు రావాలె. నేను ఎవల్ని అడగొద్దు," అన్నది అమ్మ. ఆమె అడిగింది గింతే. గీ ముక్క మీరు యాదిల పెట్టుకోండ్రి, ఎందుకంటే తర్వాత వచ్చినోళ్లు ఎవ్వలూ పెట్టుకోలె.

అమ్మ తాన పైసలున్నయని తెలిసిన వారం లోపల ఆమెకు మస్తు మంది అన్నదమ్ములు పుట్టిన్రు. రోజు పాలు పోసేటాయన ఫైనాన్సుల పెట్టమన్నడు. పెద్దనాన్న ట్రాక్టర్ కొని కిరాయికి తిప్పమన్నడు, ట్రాక్టర్ ఆయన కొడుకు నడుపుతడట. పక్కింటామె బంగారం అన్నది. బాపు చేతుల ఉన్నన్ని దినాలు గవే పైసల గురించి ఒక్కడు నోరు ఇప్పలె. మగోని జేబుల ఉంటే అవి పైసలు. ఆడమనిషి కొంగుకు కడితే అవి గ్రామసభ. దీని మీద నాకెంత కోపమంటే, ఆ వారమంతా నేను ఇంట్ల ఒక్క జోక్ సుత ఎయ్యలె. అమ్మ నా నుదురు పట్టి చూసింది, జరం వచ్చిందేమోనని.

అందరికంటే పైన మా మేనమామ, అమ్మకు సొంత తమ్ముడు. ప్లాట్లు అమ్ముతడు. పెర్కిట్ దాటినంక హైవే పక్కకు ఒక పెద్ద కమాను, కమాను మీద ఏనుగులు, లోపల మక్క చేను, గదే ఆయన వెంచరు. రోడ్లు బ్రోచర్ల వచ్చినయి, నేల మీదికి ఇంకా రాలె.

"అక్కా, భూమి అంటే కండ్లకు కనవడ్తది. పోయి నిలవడొచ్చు. నీ కోసం కార్నర్ బిట్ ఆపిన," అన్నడు మామ.

భూమి కనవడ్తదన్న మాట అబద్ధం కాదు. ఆలూర్ రోడ్డు కాడ కొన్నేండ్ల కింద గీ మామనే అమ్మకు ఇంకో ప్లాటు అమ్మిండు. గది ఇప్పటికీ కనవడ్తనే ఉంది. ఏటా వానలకు ముందు అమ్మ, బాపు బండి మీద పోయి, హద్దురాళ్లు, గవే కడీలు, ఎక్కడ పోయినయో ఎతుకుతరు. ఒక ఏడాది మా రాయి పక్కోని ప్లాటుల దొరికింది, ఇంకో ఏడాది ఎవలదో రాయి మా దాంట్ల పండుకోని ఉండె. కనవడుడు తప్ప గా ప్లాటు ఇప్పటిదాక ఇంకే పని చెయ్యలె.

నేను పెర్కిట్‌ల ఒక ట్రాక్టర్ షోరూంల లెక్కలు రాస్త. మధ్యాహ్నం గిరాకి ఉండదు కాబట్టి టిఫిన్ డబ్బా ముంగట ఫోన్ పెట్టుకొని ఏవేవో చూస్త. గట్ల తెలిసింది రీట్ అంటే ఏందో. తెలిసింది అనుడు పెద్ద మాట, సగం తెలిసింది. అమ్మకు మడిగెల, అంటే కిరాయి దుకాణాల లెక్కన చెప్పిన.

"రోడ్డు మీద మడిగె కడితే కిరాయి వస్తది గదమ్మా?"

"కట్టనీకి మన పైసలు ఎక్కడ సరిపోతయి?"

"గందుకే. హైదరాబాదుల పెద్ద పెద్ద ఆఫీసు బిల్డింగులుంటయి. వేలకు వేల మంది తలా ఇన్ని పైసలేసి కొంటరు. ఎవరి పైసలకు తగ్గట్టు వాళ్లకు యూనిట్లు ఇస్తరు. లోపల ఉన్న కంపెనీలు కిరాయి కడ్తయి. ఖర్చులు పోను మిగిలినదాంట్ల చాలా మటుకు మనకు పంచాల్సిందే, గట్లని రూలుంది. మూడు నెలలకోసారి నీ బ్యాంకుల పడ్తది."

"కిరాయికున్నోడు ఖాళీ చేసి పోతే?"

"తక్కువ పడ్తది."

"యూనిట్ల ధర పడిపోతే?"

"పడిపోతది. పసుపు లెక్కనే."

గీ చివరి మాటకు అమ్మ తలకాయ ఊపింది. ధర ఎప్పుడూ పెరుగుతదని చెప్పినోన్ని ఆమె ఎన్నడూ నమ్మలె, మామ ఒక్కడే చెప్తడు గట్ల. కని ఒక అనుమానం మాత్రం పోలె. మార్కెట్ యార్డుల పసుపు కొనేటోడు కొమ్ము తీసి పటుక్కున విరుస్తడు, లోపలి రంగు చూస్తడు, అప్పుడు ధర చెప్తడు.

"గీ బిల్డింగును విరిచి చూసుడెట్లరా?" అన్నది.



యూనిట్లు షేర్ మార్కెట్‌ల కొనాలె, గందుకని ఫోన్ యాప్‌ల ఖాతా అమ్మ పేరు మీదనే తెరిచినం. ఫోన్ కెమెరా ముంగట కూసోబెడితే, కండ్లు మూసి తెరవమని రాత వచ్చింది. చదివి చెప్పిన. "గీడెవడ్రా నన్ను కన్ను కొట్టమనేటోడు!" అని ఫోన్ మంచం మీద ఇసిరేసింది. రెండోసారి కోపంతోని చూసిన ఫొటోనే ఓకే అయింది. అన్ని పైసలు ఒక్కపారి పెట్టొద్దని, కొంత బ్యాంకుల ఉంచి, మిగిలినయి యూనిట్లు కొన్నం. తర్వాత కొన్ని వారాలకు మొదటి కిరాయి పడ్డ మెసేజు వచ్చింది. పెద్ద మొత్తమేం కాదు. గోలీలు వస్తయి, సంఘం చీటి ఎల్తది, ఒక చీర వస్తది, ఎక్కువ జరీ లేనిది. అమ్మ గా మెసేజు వాడకట్టు మొత్తానికి చూపించింది. గక్కడ్నే తప్పు జరిగింది.

మామ వచ్చిండు. కారు ఇంటి ముంగట అడ్డంగ ఆపిండు.

"ఏమల్లుడా, మా అక్కకు హైదరాబాదుల బిల్డింగ్ కొనిపెట్టినవట. మంచిది. హద్దులు చూపించినవా?"

మా దిక్కు భూమి కొంటే, అమ్మినోడు కొన్నోన్ని ఎంట తీస్కపోయి నాలుగు దిక్కులా హద్దులు నడిపించాలె. మూలరాయి కాడ కొబ్బరికాయ కొట్టాలె, పసుపు కుంకుమ పెట్టాలె. గప్పటిదాక రిజిస్ట్రేషన్ అయినా సరే, కొన్నట్టు కాదు. మామ గా మాట అని చాయ్ తాగి పోయిండు. అమ్మ గా రాత్రి నిద్రపోలె. పొద్దుగాల లేచి బాపుతోని అన్నది: "ఏమయ్యా, పోయి హద్దులు చూసొద్దాం."

నేను నవ్విన. ఇద్దరూ నవ్వలె. షోరూంల సెలవు పెట్టిన.

బస్సుల ఆడోళ్లకు ఫ్రీ గదా, అమ్మకు జీరో టికెట్టు, బాపుకు నాకు పైసల టికెట్టు. ఆస్తి ఆమెది, ప్రయాణం ఆమెకే ఫ్రీ, కిటికీ సీటు సుత ఆమెదే. బాపు ఒళ్లె సంచి, సంచిల కొబ్బరికాయ, ఊదుబత్తులు, కుంకుమ, మా చేను పసుపు.

"బాపూ, గది ఆఫీసు బిల్డింగు. కొత్త ట్రాక్టర్ కాదు," అన్న.

"కొన్నమా లేదా?"

"కొన్నం."

"మరి?" అన్నడు బాపు.

బస్సు దిగి, మెట్రో ఎక్కి, మళ్ల దిగి, ఎండల నడిచి పోయినం. బిల్డింగు నిజంగనే ఉంది. గది చూసి నాకే పానం నిమ్మలపడ్డది. నీలం అద్దాలు, అద్దాల్ల మబ్బులు నడుస్తున్నయి. అమ్మ మెడ ఎత్తి, ఎత్తి, కొంగు జారేదాక చూసింది.

"ఇందుల మనది ఏదిరా?"

"అన్నిట్ల కొంచెం అమ్మా."

"కొంచెమంటే ఎంత?"

నేను ముందే లెక్కేసుకున్న. "గోడకు కొట్టిన ఒక మొల అనుకో."

"ఏ గోడ?" అన్నది అమ్మ.

గేటు కాడ సెక్యూరిటీ ఆపిండు. నా వయసు పిలగాడే. బాపు చేతుల సంచి చూసి, "డెలివరీ అయితే ఎనక గేటుకు పోండ్రి," అన్నడు.

నా రక్తం మరిగింది. పసుపు ఉడికే కడాయిల సుత గంత పొంగు రాదు. డెలివరీనా? ఓనర్లం! ఫోన్ తీసి, యాప్ తెరిచి, అమ్మ పేరు, యూనిట్లు చూపించిన. సెక్యూరిటీ మంచిగనే చూసిండు, కిందికి పైకి జరిపి చూసిండు. "గిది కాదన్నా. లోపల కంపెనీ నుంచి క్యూఆర్ రావాలె," అన్నడు.

"కంపెనీ మాకు కిరాయికుంటది," అన్న.

"గయితే వాళ్లకే ఫోన్ చెయ్యండ్రి."

మా పక్కకెల్లి ఒక పిలగాడు మెడల ట్యాగు ఏస్కొని, చేతుల కాఫీ పట్టుకొని వచ్చిండు. ట్యాగు జర చూపించిండో లేదో అద్దాల తలుపు దానంతట అదే తెరుసుకుంది. లోపలి చల్లగాలి మా దాక కొట్టింది. "కిరాయికున్నోడు లోపల, ఇల్లు గలోళ్లు రోడ్డు మీద. గిదెక్కడి నాయమయ్యా?" అన్నది అమ్మ సెక్యూరిటీతోని. నేను సుత గట్టిగనే ఏదో అందామనుకున్న. కని గా కాఫీ పిలగాడు కిరాయిదారు సుత కాదు, జీతగాడు. లిఫ్టు కాడ నిలవడి ఎవలికో ఫోన్‌ల "సారీ సర్, వస్తున్న సర్" అంటున్నడు. ఓనర్ల లెక్క ఒర్లితె బాగుండదని ఊకున్న.

కొబ్బరికాయ మెట్ల మీద కొట్టొద్దన్నరు, గ్రానైటుకు మరకలైతయట. ఫుట్‌పాత్ అంచుకు కొట్టినం. నీళ్లు సెక్యూరిటీ బూట్ల మీద పడ్డయి. అమ్మ ఒక చిప్ప ఆయనకే ఇచ్చింది. ఆయన అటు ఇటు చూసి, క్యాబిన్ల టోపీ కింద పెట్టుకున్నడు.

ఇగ హద్దులు. బాపు చాయ్ బండి కాడ కూసోని, "మీరు నడువుండ్రి, నేను గిక్కడ తూర్పు హద్దు చూస్త," అన్నడు. అమ్మ, నేను ప్రహరీ పొంటి నడిచినం. ఎంత పొడుగుందంటే, మొదటి మూల రాకముందే నాకు మామ కార్నర్ బిట్ మంచిదనిపించింది. మూలకొకసారి అమ్మ ఒంగి, గోడ అడుగుల ఇంత పసుపు, దాని మీద కుంకుమ పెట్టింది. మూడో మూలకాడ ఇంకో సెక్యూరిటీ ఉరికొచ్చిండు, ఏం పెడుతున్నరని. "ఏం లేదన్నా, మా చేను పసుపు," అన్న. వాసన చూసి పోయిండు. నాలుగో మూల క్యాంటీన్ చెత్తడబ్బాల ఎనక ఉండె. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని గక్కడ సుత పెట్టింది.

ఎనక దిక్కుకెల్లి చూస్తే పైన రెండు అంతస్తులు ఖాళీ. కుర్చీలు లేవు, లైట్లు లేవు.

"గవి కిరాయికి పోలేదారా?"

"పోనట్టుంది."

"ఎవలన్నా చూస్తున్నరా మళ్ల, కిరాయిదార్ల కోసం?"

"దానికి మనుషులుంటరమ్మా. మనం బోర్డు పెట్టే పని లేదు."

"చూడుమను," అన్నది. ఎవలికి చెప్పాల్నో నాకు తెల్వదు, సరే అన్న.

అమ్మ హద్దులు చూసొచ్చిందని తెలిసినంక మామ కొన్ని దినాలు మా దిక్కు రాలె. వచ్చిననాడు ఉట్టిగ రాలె. ఎంట పెద్దనాన్న ఉండె, పాలాయన ఉండె, ఏదో కంపెనీల పనిచేసే మామ దోస్తు ఒకాయన ఉండె. అప్పటికి యూనిట్ల ధర జర పడ్డది, యాప్‌ల అమ్మ పేరు పక్కకు ఎర్ర అంకె. మామ దోస్తు గా కిరాయి మెసేజు సుత చదివిండు. దాంట్ల కొంత వడ్డీ అని, కొంత డివిడెండ్ అని, కొంత అసలు వాపసు అని ఉండె.

మామ లేచి నిలవడ్డడు. "అక్కా, ఇన్నవా? అసలు వాపసట! నీ పైసలు తీసి నీకే ఇచ్చి, కిరాయి అంటున్నరు. అటు ధర పడుతుంది. అమ్మెయ్. గిప్పుడే అమ్మెయ్. కార్నర్ బిట్ ఇంకా ఉంది."

"మరి చదువుకున్నవు గదరా, ముందే చెప్పొద్దా?" అన్నడు పెద్దనాన్న నాతోని.

నేను చెప్ప జూసిన. బిల్డింగు కట్టిన చిన్న కంపెనీకి మన ట్రస్టు, అంటే గీ రీట్, అప్పిస్తది, గా అప్పు తిరిగొచ్చింది సుత మనకు పంచుతరు, మోసమేం కాదు, మెసేజుల దాయకుండనే రాసిన్రు అని. సగం చెప్పేసరికి నాకే అడ్డం తిరిగింది. అసలు కొంచెం వాపసు వస్తుందన్నది నిజమే, గది లాభం కాదన్నది సుత నిజమే. నేను గా ముక్క అమ్మకు కొనేముందు చెప్పలె, ఎందుకంటే నాకే తెల్వదు. కని నాకు మండింది వేరే దానికి. అందరూ ధర గురించి ఒర్లుతున్నరు, బిల్డింగు గురించి ఒర్లుతున్నరు. మూడు నెలలకోసారి ఎవల్ని అడగకుండ గోలీలు తెచ్చుకుంటున్న మనిషి నడుమ కూసోని ఉంది, ఆమెను ఒక్కడు అడుగుతలేడు. మామ అయితే ఫోన్ అమ్మ చేతుల పెట్టి, అమ్మే బటన్ ఎక్కడుందో తానే ఎతికి, ఆమె ఏలు పట్టుకొని దాని మీదికి తెచ్చిండు.

రేకుల కింద చాయ్ తాగుతున్న పాలాయన మింగుడు ఆపిండు. అమ్మ ఏలు బటన్ మీద, ఎంటికె మందం దూరం.

"తమ్మీ, ఏలు ఇడువు," అన్నది అమ్మ.

ఇడిసిండు.

"నా అసలు నాకు వాపసిచ్చినోడు గీడొక్కడేరా. ఆలూర్ రోడ్డు ప్లాటు నుంచి నాకు ఏమొచ్చింది? నా రాళ్లు నేను ఎతుక్కోనీకి పెట్రోలు సుత నాదే."

"అంటే నేను మోసగాన్ని అంటున్నవా అక్కా? గింతమంది ముంగట?"

"నువ్వు మోసగానివి కాదు. నా తమ్మునివి. గందుకే నీ తాన మళ్ల కొనను." ఫోన్ నాకిచ్చింది. "అమ్మేది లేదు. ధర పడితే పడనియ్యి. కిరాయి ఆగిననాడు నేనే చెప్త."

మామ చాయ్ ముట్టుకోకుండ లేచిండు, ఇగ గీ గడప తొక్కనన్నడు. బాపు మొదటిసారి నోరు తెరిచి, "కారు చాబి ఇడిసిపెట్టినవు బామ్మర్దీ," అన్నడు. మామ గడప తొక్కి చాబి తీస్కపోయిండు.

ఆ రోజు ఆదివారం. షేర్ మార్కెట్ శనివారం, ఆదివారం బంద్ ఉంటది. అమ్మ గా బటన్ ఒత్తినా సోమవారం పొద్దుగాల తొమ్మిదింబావు దాక ఒక్క యూనిట్ సుత అమ్ముడుపోయేది కాదు.